ఆపరేటరు గారొస్తున్నారు, దారివ్వండి!

గ్లైఫోసేట్ అనే గడ్డిమందు బహుశా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లోనే తేల్చింది. మన కేంద్రం తాపీగా ఆలోచించి (తొందరేముంది, కలుపు ఎక్కడికీ పారిపోదుగా!) 2022లో ఉత్తర్వు తీసింది: ఈ గడ్డిమందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ కొట్టరాదు. అంటే పట్నంలో బొద్దింకల్నీ చెదల్నీ చంపే సారు బూట్లు, మాస్కు తొడుక్కుని పత్తిచేలోకి దిగుతారన్నమాట! ఆయన దిగేదాకా పని కూలోళ్లదే. వీపున ట్యాంకు, మూతికి తువ్వాలు, చెప్పుల్లేని కాళ్లు. డబ్బాతోపాటు జాగ్రత్తల కాగితం ఉంటుందిలెండి, చీమ తలకాయంత అక్షరాల్లో. చదవడానికి భూతద్దాలేమైనా సబ్సిడీ మీద ఇస్తారేమో, వ్యవసాయాధికారిని అడగాలి.