సున్నా కేసుల సర్టిఫికెట్

డిగ్రీ చేతికొచ్చి ఏం చెయ్యాలో తోచని పిల్లలకు ఓ ఉచిత సలహా: డైవర్సిటీ కన్సల్టెంట్లు అయిపోండి. ఎండన పడి తిరగక్కర్లేదు, రాత్రంతా కోడ్ రాయక్కర్లేదు. కాస్త ఎల్‌ఎల్‌బీ, కాస్త ఎంబీఏ, ముఖాన చెరగని సానుభూతి ఉంటే గచ్చిబౌలి నుంచి మాదాపూర్ దాకా అద్దాల మేడలన్నీ మీ ఖాతాదారులే.

మీరు అమ్మే సరుకు చట్టం. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన భన్వరీ దేవిపై 1992లో సామూహిక అత్యాచారం జరిగింది. ఆ దారుణం కదిలించి వేయించిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు పనిచోట లైంగిక వేధింపులపై విశాఖ మార్గదర్శకాలిచ్చింది. వాటిని చట్టం చెయ్యడానికి పార్లమెంటుకు ఇంకో 16 ఏళ్లు పట్టింది. అంత నెత్తుటి చరిత్రను మీరు 40 నిమిషాల వీడియోలోకి కుదిస్తారు. ఉద్యోగులు దాన్ని మ్యూట్‌లో పెట్టి రెట్టింపు వేగంతో పరిగెత్తిస్తారు. చివర్లో పది ప్రశ్నలు. ‘సహోద్యోగిని భుజం మీద చెయ్యి వేయవచ్చా?’ జవాబులు అప్పటికే టీమ్ వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంటాయి: ఒకటి-బి, రెండు-డి, మూడు-డి. ఆ చెయ్యి వేసే అలవాటున్న మేనేజరుకే పదికి పదీ వస్తాయి. ఆయన సర్టిఫికెట్ లింక్డిన్‌లో పెడితే ముందుగా లైకు కొట్టేది ఆ చెయ్యి పడ్డ అమ్మాయే. అప్రైజల్ నెల కదా మరి!

పదిమంది పనిచేసే చోటల్లా అంతర్గత కమిటీ ఉండాలి, అందులో బయటి మనిషి ఒకరుండాలి. ఆ బయటి మనిషి మీరే. ఎన్ని కంపెనీల గోడల మీద మీ పేరుందో మీకే గుర్తుండదు. క్యాంటీన్ పక్కన అంటించిన ఆ పోస్టర్‌లో మిగతా పేర్లవాళ్లు ఎప్పుడో బెంగళూరు వెళ్లిపోయుంటారు. ఎవరైనా తెగించి ఫిర్యాదు చేస్తే 90 రోజుల్లో విచారణ ముగించాలంటుంది చట్టం. ముగుస్తుంది, ఆమె రాజీనామాతో. ‘వ్యక్తిగత కారణాలు’ అని రాయించుకుని, చేతిలో ఓ మొక్క కుండీ పెట్టి పంపిస్తారు. కమిటీయే వెయ్యకపోతే జరిమానా 50,000 రూపాయల దాకా. మీ వర్క్‌షాప్‌లో బఫే బిల్లే అంతకు మించుతుంది.

మార్చి 8 మీకు సంక్రాంతి. గులాబీ బెలూన్లు, చీరల పోటీ, సాధికారతపై మగ సీఈఓ ప్రసంగం. 50 మంది, అంతకు పైన ఉన్న సంస్థలో పిల్లల గది ఉండాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది కాబట్టి అదీ ఉంటుంది: గోడ మీద ఛోటా భీమ్, తలుపుకు తాళం, లోపల పాడైన కీబోర్డులు. లిస్టెడ్ కంపెనీల బోర్డుల్లో ఒక్క మహిళైనా ఉండాలని సెబీ 2015 గడువు పెడితే, చాలామంది ప్రమోటర్లు దేశమంతా గాలించి చివరికి తమ ఇంటి హాల్లోనే ప్రతిభను కనిపెట్టారు. భార్య, కూతురు, కోడలు.

ఒక్క మాట మాత్రం స్లైడు మీదకు రానివ్వకండి. లింగం పెట్టండి, వైకల్యం పెట్టండి, జూన్ నెలంతా లోగోకు ఇంద్రధనుస్సు పూయండి. కులం వద్దు. ఆఫీసుల్లో కులమెక్కడుంది? రిఫరల్ అడిగిన కుర్రాణ్ణి ‘ఇంటిపేరేంటి బాబూ, ఏ ఊరు, మీరేవిట్లు?’ అనడం ఉత్త పరిచయం. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తే అక్కడి మనవాళ్లు కొందరు తెగ నొచ్చుకున్నారు. అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నరు అలాంటి బిల్లునే వీటో చేశాక ఊపిరి పీల్చుకున్నారు. లేని కులం కోసం అంత కంగారెందుకని మీరు అడగబోయేరు, కాంట్రాక్టు పోతుంది.

ఏడాది చివర నివేదిక మీరే రాయాలి. వచ్చిన ఫిర్యాదులు: సున్నా. పెండింగ్: సున్నా. ఆ సున్నాలను పట్టుకుని ‘మహిళలకు మేటి కార్యాలయం’ అవార్డుకు దరఖాస్తు పెట్టించండి. దరఖాస్తు నింపినందుకు ఫీజు వేరే, దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం.