మ్యూట్‌లో ఓనమాలు

కరోనాతో బడులు మూతపడిన వేళ, 2020 జులైలో కేంద్రం వెలువరించిన ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలు పూర్వ ప్రాథమిక తరగతుల ఆన్‌లైన్ సమయాన్ని రోజుకు అరగంటకు, అదీ తల్లిదండ్రులకు దారి చూపడానికే పరిమితం చేయగా, పూర్తి ఫీజు రాబట్టుకోవలసిన కొన్ని ప్రైవేటు బడులు ఆ అరగంటను ప్రార్థన గంటగా భావించి, అసలు పాఠాలను ఆ తరువాతనే మొదలుపెట్టాయి. చదవడానికి తొలిమెట్టు ధ్వని స్పృహ, అంటే పలికిన మాటలోని విడివిడి శబ్దాలను చెవితో పోల్చుకొనే నేర్పు, అని భాషాబోధకులు చెబుతుండగా, ఆన్‌లైన్ తరగతిలో తొలి ఆజ్ఞ ‘అందరూ మ్యూట్‌లో ఉండండి’ అన్నదే అయింది. ‘త’కు, దాని ఒత్తుకు తేడా చేతికి తెలియాలంటే పలక మీద దిద్దాలి కాని, తెర మీద వేలు నేర్చేది జరపడమే, ఆ విద్యలో మాత్రం ఎల్‌కేజీ పిల్లలు ఉపాధ్యాయులను మించిపోయారు. (తల్లి పక్కన కూర్చుని జవాబులు అందించిన ఇళ్లలో యూకేజీ ఉత్తీర్ణురాలైంది తల్లే.) ఉన్న ఒక్క ఫోనును తండ్రి పనికి పట్టుకుపోయిన ఇళ్లలో ఈ చిక్కులేవీ తలెత్తలేదు. 2026-27 నాటికి మూడో తరగతి ముగించే ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని 2021 జులైలో కేంద్రం ‘నిపుణ్ భారత్’ కార్యక్రమాన్ని ఆరంభించగా, అది ఎలా నేర్పాలో ఉపాధ్యాయులకు చెప్పే శిక్షణను ‘దీక్షా’ వేదికపై ఆన్‌లైన్‌లోనే ఇచ్చారు.