రూఫు అన్నయ్య

డాలస్ చుట్టూ ఫ్రిస్కో, ప్లానోల్లో తెలుగువాళ్లున్న ప్రతి కాలనీకీ ఒక రూఫు అన్నయ్య ఉంటాడు. పగలు ఏదో బ్యాంకు డేటాబేసులు చూసుకుంటాడు, సాయంత్రాలు ఇరుగుపొరుగు ఇళ్ల కప్పులు చూస్తాడు. సత్యనారాయణ వ్రతానికి పిలిస్తే లోపలికి రాడు. డ్రైవ్‌వేలోనే ఆగిపోయి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తాడు.

"షింగిల్స్ వేసి ఎన్నేళ్లయింది తమ్ముడూ?"

"పద్దెనిమిదండీ" అనగానే, జాతకంలో శని కనబడ్డ సిద్ధాంతిలా తల పంకిస్తాడు.

"మిట్టమధ్యాహ్నం చూస్తే ఏమీ తెలీదు. పొద్దు వాలాక చూడాలి, బొడిపెలకు నీడ పడుతుంది. అదుగో, చిమ్నీ పక్కన! మేకు లేచింది." మనకు కాకి తప్ప ఏమీ కనబడదు. అయినా తలూపుతాం, పూజ వేళవుతోంది మరి.

ఆయన వదలడు. "వడగళ్లయితే గుంట పడాలి. బారుగా గీతలా ఉబ్బితే కింది చెక్కల అంచులు లేచినట్టు. ఒక్కచోటే క్వార్టరంత లేచిందంటే మేకే. అటకలో గాలాడక తేమ చేరి ఉంటుంది. చెక్క ఉబ్బుతూ ఎండుతూ మేకును పైకి నెడుతుంది. లేదా కొట్టినవాడు రెండు చెక్కల సందులో కొట్టి ఉంటాడు. ముప్పావు అంగుళమైనా చెక్కలో దిగొద్దూ?"

కథ మూడో అధ్యాయంలో ఉండగా ఆయన పట్టుపంచె ఎగ్గట్టి, అటక నిచ్చెన దించి, ఫోను టార్చితో పైకెక్కేస్తాడు. దిగేటప్పుడు ఉత్తరీయం నిండా ఇన్సులేషన్ పీచు. "మేకు మొనకు తుప్పు, చుట్టూ నల్లమచ్చ!" అంటున్న ఆ మొహంలో వెలుగు చూడాలి, ప్రసాదం పెట్టినప్పుడు కూడా అంత రాదు. ఇంతా చేసి కప్పు మీదికి మాత్రం ఎక్కడు. పెద్ద నిచ్చెనను వదినగారు ఎప్పుడో ఎవరికో ఇచ్చేశారు.

ఊరికే అనకూడదు, వడగళ్లవాన వెలిసిన మర్నాడు ఆయనే దిక్కు. తలుపు తట్టి "ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ మేం చూసుకుంటాం" అనే రూఫింగ్ కంపెనీ కుర్రాణ్ణి, "2019 నుంచి టెక్సస్‌లో అది చట్టవిరుద్ధం నాయనా" అని గుమ్మంలోంచే పంపించేస్తాడు.

లేచిన మేకును మళ్లీ సుత్తితో దిగ్గొట్టించకండి, అదే కన్నంలోంచి మళ్లీ లేస్తుంది. పీకించి, కన్నాన్ని రూఫింగ్ సిమెంటుతో మూయించి, పక్కన గట్టిచెక్కలో కొత్తది కొట్టించండి. ఇదే ముక్క ఆయన చెబితే గంట పడుతుంది కాబట్టి నేనే చెప్పేస్తున్నాను.