రీళ్ల పిచ్చి ఎక్కించుకునే పద్ధతి

చేతిలో డబ్బు, తీరిక, ఇంట్లో ఉన్న కాస్త పరువు ఒకేసారి పోగొట్టుకోవాలంటే పేకాటే ఆడక్కర్లేదు. ముక్కూమొహం తెలియనివాళ్లు తమ ఇంటికోసం తీసుకున్న, కొనుక్కున్న చిన్న ఫిల్ములు పోగుచేసి గోడమీద వేసుకుని చూస్తే చాలు. ఇందులో తొలి మెట్టు గేజి, అంటే ఫిల్ము వెడల్పు, ఎంచుకోవడం. అందరికీ దొరికేది కాకుండా, ఎవరూ వాడనిదే ఎంచుకోవాలి. ఆ లెక్కన అగ్రతాంబూలం 9.5 మిల్లీమీటర్ల ఫిల్ముకే. 1922లో ఫ్రాన్సులో పతే కంపెనీ ఇళ్లలో వాడుకోవడానికి తెచ్చిన ఈ ఫిల్ముకు చిల్లులు అంచుల్లో ఉండవు, బొమ్మకూ బొమ్మకూ నడుమ సరిగ్గా మధ్యలో ఉంటాయి. ప్రొజెక్టరు పన్ను పట్టు తప్పిందంటే గీత పడేది బొమ్మమీదే. ఫిల్ము ఆదా కోసం అందులో ఇంకో తెలివి చూపించారు. మూకీల్లో మాటలు రాసిన కార్డుకు బారెడు ఫిల్ము వాడకుండా ఒకటి రెండు ఫ్రేములే ఉంచి, అంచున చిన్న గాటు పెట్టేవారు. గాటు తగలగానే యంత్రం అక్కడ కొన్ని సెకన్లు ఆగేది. ఈ గాట్ల సంగతి తెలియని ప్రొజెక్టరు కొంటే కథ మొత్తం కనిపిస్తుంది గానీ మాటలన్నీ రెప్పపాటులో పోతాయి. కొత్తవారికి అదే శ్రేష్ఠం. 16 మిల్లీమీటర్లు 1923లో, 8 మిల్లీమీటర్లు 1932లో వచ్చాయి. 1965 నాటి సూపర్ 8 మరీ సుఖపడేవాళ్లకు. డబ్బీ కెమెరాలో పెడితే చాలు, 50 అడుగులు, మూడు నిమిషాల ఇరవై సెకన్లలో అయిపోతుంది.

రెండో మెట్టు ఏం కొనాలన్నది. ఇక్కడ వివేకం బొత్తిగా పనికిరాదు. పుట్టినరోజు కేకు, సముద్రపు ఒడ్డున తడిసిన పిల్లలు, ఎవరిదో పెళ్లి, కెమెరాను చూసి చెయ్యి ఊపే మామయ్య, ఏది దొరికితే అది కొనాలి. ఇది హాస్యానికి అంటున్నమాట కాదు. ఏరి కొనేవాడు ఈ విద్యలో బాగుపడడు. ఏ రీలు రేపు పనికొస్తుందో దాచేనాడు ఎవరికీ తెలియదు. తెలిసినట్టు నటించినవాళ్లంతా పారేశారు. లండన్‌లో కెవిన్ బ్రౌన్లో అనే కుర్రాడు బడికెళ్లే వయసులో 9.5 రీళ్లు పోగుచేసేవాడు. 1950ల మొదట్లో అతని చేతికి ఆబెల్ గాన్స్ తీసిన ‘నెపోలియన్’ ముక్కలు వచ్చాయి. 1927 నాటి ఆ మహా చిత్రాన్ని అప్పటికే కోసి కోసి గుర్తుపట్టలేకుండా చేశారు. ఇంటి ప్రొజెక్టరు కోసం కుదించిన తునకలు చూసే ఆ కుర్రాడికి పూర్తి చిత్రం మీద ఆకలి పుట్టింది. పాతికేళ్లు వెతికి అతికించాడు. 1979లో అమెరికాలోని టెల్యూరైడ్‌లో ప్రదర్శిస్తే, 89 ఏళ్ల గాన్స్ కూడా చూశాడు. ఫ్రిట్జ్ లాంగ్ ‘మెట్రోపోలిస్’ సంగతీ దాదాపు ఇంతే. పోయిందనుకున్న భాగం చాలా మట్టుకు 2008లో బ్యూనస్ ఎయిరీస్ మ్యూజియంలో 16 మిల్లీమీటర్ల నకలుగా దొరికింది. ఒక సేకరణకర్త దగ్గరి ప్రింటు నుంచి దిగిన నకలది. గీతలు తుడిచినా పోలేదు, అయినా ఆ భాగం చాలా మట్టుకు అందులోనే మిగిలింది. మన ‘భీష్మ ప్రతిజ్ఞ’ 1921 నాటిది. దానికి ఇలాంటి అడ్డదిడ్డపు ఇంటి కాపీ ఒక్కటి ఎవరి అటకమీదైనా మిగిలి ఉంటే తెలుగువాడి తొలి మూకీ ఎలా ఉండేదో ఇవాళ ఊహించుకోవాల్సిన పని ఉండేది కాదు.

పెద్ద సినిమాలు సరే, ఊరూపేరూ లేని కుటుంబాల బొమ్మలెందుకని అడుగుతారు. అడగాల్సిందే. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా జపాన్ సంతతివారిని నిర్బంధించిన టోపాజ్ శిబిరంలో కెమెరాలు నిషేధం. అక్కడ నిర్బంధంలో ఉన్న డేవ్ తత్సునో దొంగచాటుగా 8 మిల్లీమీటర్లలో తన కుటుంబాన్నీ పొరుగువారినీ తీశాడు. మంచు, చర్చికి వెళ్లే జనం, ఆడుకునే పిల్లలు, అంతే. అవే 1996లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలోకి ఎక్కాయి. డాలస్‌లో ఆడవాళ్ల దుస్తులు తయారుచేసే అబ్రహాం జప్రూడర్ 1963 నవంబరు 22న కెమెరా ఇంట్లో మరచి వచ్చి, మళ్లీ వెళ్లి తెచ్చుకున్నాడు. అమెరికా అధ్యక్షుడి ఊరేగింపు తీయబోయి ఆయన హత్య తీశాడు. నిమిషంలో సగం కూడా లేని ఆ రీలుకు 1999లో ప్రభుత్వం కోటీ అరవై లక్షల డాలర్లు చెల్లించింది. దీన్ని చూపించి ఇంట్లోవాళ్లకు పెట్టుబడి పాఠం చెప్పొచ్చు. నమ్మరు. నమ్మకపోవడమే న్యాయం, ఎందుకంటే ఒక్క జప్రూడర్‌కు ఎదురుగా లెక్కలేనన్ని కేకులు ఉన్నాయి. ఈ అభ్యంతరం గట్టిదే. కాకపోతే కేకులోంచి జప్రూడర్‌ను ముందే వేరుచేసే జల్లెడ ఇంతవరకు ఎవరి దగ్గరా లేదు. పైగా కేకు వెనకాల గోడమీది క్యాలెండరు, కిటికీ అవతలి వీధి, అప్పటి సైకిళ్లు ఏ స్టూడియో సెట్టులోనూ ఉండవు.

మూడో మెట్టు నిల్వ. డబ్బా మూత తీసి ముక్కు పెట్టి చూడాలి. వెనిగర్ ఘాటు వస్తే ఫిల్ములోని అసిటేటు కుళ్లుతోందని అర్థం. ఆ ఆమ్లమే కుళ్లును మరింత తొందరపెడుతుంది, పక్క డబ్బాలకూ అంటిస్తుంది. వేడీ ఉక్కా దానికి బలం. కాబట్టి కాకినాడలోనో బందరులోనో రేకుల కప్పు కింద, అటకమీద, గాలి ఆడని డబ్బాల్లో దాస్తే మీ వంతు నాశనం తొందరగా పూర్తవుతుంది. ఇక ప్రదర్శన. 1935లో వచ్చిన కోడాక్రోమ్ రంగు చీకట్లో దశాబ్దాలు నిలుస్తుంది గానీ, ప్రొజెక్టరు దీపం ముందు మాత్రం వెలిసిపోతుంది. అంటే చూసిన కొద్దీ అరిగిపోయే ఆస్తి. పాత బెల్టు జారి రీలు ఆగిందో, దీపం వేడికి ఫ్రేము మధ్యలో గోధుమరంగు మచ్చ లేచి, బుడగలు కట్టి, ఎవరిదో అమ్మమ్మ మొహం తెరమీదే కరిగిపోతుంది. చుట్టాల ముందు ఒక్కసారి ఇలా జరిగితే మళ్లీ ఎవరూ బొమ్మ వెయ్యమని అడగరు. ఆదివారాలు మీవే.

స్కాను చేసి, కంప్యూటర్లో పెట్టి, రీళ్లు పారేస్తే పోదా అంటారు తెలివైనవాళ్లు. మొదటి రెండు పనులు తప్పకుండా చెయ్యాలి. మూడోది వద్దు. ఫైలు పాడైతే చెప్పా పెట్టకుండా పోతుంది. రీలును లైటుకు ఎదురుగా పట్టుకుంటే ఏ సాఫ్టువేరూ లేకుండా మనిషి కనిపిస్తాడు. అంచున కోడక్ అచ్చేసిన సున్నా, చతురస్రం, త్రిభుజం లాంటి గుర్తులు ఆ ఫిల్ము ఏ ఏడాది తయారైందో చెబుతాయి. అవే గుర్తులు ఇరవై ఏళ్లకోసారి తిరిగి వచ్చేవి గనక బొమ్మలోని కారునో తలకట్టునో చూసి తేల్చుకోవాలి. చాలా స్కాన్లలో ఆ అంచే కత్తిరించి పారేస్తారు.

ఇంకో అభ్యంతరం నిజంగా నొప్పించేది. ఇవి పరాయివాళ్ల ఇంటి బొమ్మలు, వాళ్లు మనకోసం తీసుకోలేదు. దీనికి పూర్తి జవాబు లేదు. ఇంటివారి జాడ తెలిస్తే ఇచ్చెయ్యడం, తెలియకపోతే నలుగురిలో వేసి నవ్వులపాలు చేయకపోవడం, ఇంతవరకే చేతనైంది. 2002లో కొందరు ఆర్కైవిస్టులు మొదలుపెట్టిన హోమ్ మూవీ డేలో ఎవరి రీళ్లు వాళ్లే తెచ్చుకుంటారు, తెరమీద ఉన్నది ఎవరో పక్కనే నిలబడి చెబుతారు. అది మర్యాదైన పద్ధతి.

1965 తర్వాత అమెరికా వెళ్లిన తెలుగు కుటుంబాల్లో ఎవరి బీరువాలోనైనా సూపర్ 8 డబ్బీ ఉంటే, దయచేసి పాత ప్రొజెక్టరు వెతికి ఆత్రంగా తిప్పకండి. ముందు వాసన చూడండి, తర్వాత స్కాను చేయించండి. అందులో ఎవరున్నారో చెప్పగల పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు గనక, వాళ్లను అడిగి పేర్లూ ఊర్లూ ఈ వారమే డబ్బామీద రాయండి.