కవుల పంపకం, కొల్లేటి పండగ

ప్రపంచ తెలుగు మహాసభలు హైదరాబాద్‌లో 1975లో జరిగాయి. తర్వాత 2012లో తిరుపతిలో, 2017లో మళ్లీ హైదరాబాద్‌లో. ప్రపంచం పని అయిపోయింది కనుక ఇక జిల్లాల వంతు. ఏలూరులోనూ ఒక సాహిత్య పండగ పెడదామని ఎవరైనా అనడమే ఆలస్యం, ఆహ్వాన సంఘం పుట్టుకొస్తుంది. దానికి నలుగురు గౌరవాధ్యక్షులు కూడా. స్థానిక రచయితల్ని తర్వాత వెతుక్కోవచ్చు.

చిక్కంతా ఆ వెతుకులాటలోనే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలతోపాటు కవుల పంపకం కూడా అయిపోయింది. తణుకు తిలక్ పశ్చిమ గోదావరి వాటాకు పోయాడు. భీమవరం దగ్గర పుట్టిన అడివి బాపిరాజూ అటే. పోనీ సినిమా కళతోనైనా నెట్టుకొద్దామంటే, రేలంగి కట్టించిన థియేటరున్న తాడేపల్లిగూడెం కూడా గీత అవతలే. వేంగి చాళుక్యుల పెదవేగి మాత్రం ఏలూరు జిల్లాకే దక్కింది. తీరా చూస్తే ఆ వంశపు రాజరాజ నరేంద్రుడు నన్నయను కొలువులో పెట్టుకున్నది రాజమహేంద్రవరంలో. రాజధాని ఇటు, ఆదికవి అటు!

ఇంటి మనిషి లేకేం? కొల్లేటి పల్లె బతుకునే నవల చేసిన అక్కినేని కుటుంబరావు ఉన్నారు. ఆయన ‘కొల్లేటి జాడలు’ ‘సాఫ్ట్‌లీ డైస్ ఎ లేక్’ పేరుతో ఇంగ్లీషులోకీ వెళ్లింది. అయితే సరస్సు చావు గురించిన పుస్తకం పండగ పూట ఎందుకని సంఘానికి సందేహం. పైగా చందాలిచ్చేది చెరువుల ఆసాములు. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు పేల్చడం, ఆనక చెరువులు మళ్లీ మొలవడం: ఇవన్నీ వేదిక మీద ఎత్తితే వచ్చే ఏడు చందా హుళక్కి. అందుకే ఆ చర్చను భోజనాల తర్వాత పెడతారు. చేపల పులుసు తిన్న సభ కునుకు తీస్తూ వింటుంది.

ఫ్లెక్సీలో నాయకుడి ముఖం నిలువెత్తు, రచయితది తపాలా బిళ్లంత. అందులోనూ ఇంటిపేరు తప్పు. జ్ఞాపిక మాత్రం ముచ్చటైనది: ఆటపాక గూడబాతు బొమ్మ, కింద దాత పేరు బంగారు అక్షరాల్లో, రచయిత పేరు స్టిక్కరు మీద. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, పుస్తకాలు చదవాలని ముప్పావు గంట ఉపదేశించి, పుస్తకాల బల్ల వైపు చూడకుండానే కారెక్కుతారు.

అయ్యా నిర్వాహకులారా, పండగ చేయండి, తప్పులేదు. శాలువాల పద్దులో సగం తీసి ‘కొల్లేటి జాడలు’ ప్రతులు కొని, లంక గ్రామాల బడులకు పంచండి. రచయిత భుజం మీద ఒక శాలువా తగ్గినా చలేమీ వేయదు, ఏలూరు ఎండలు అలాంటివి.