ఇమేజీ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "ఏటీ భయం నేదు బావా! ఇమేజీ ఉంది, ఎక్కించీస్తాను."

అవతారిక: పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మా బావమరిది, కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్లో ఫోల్డర్లు తెరుచుకోక, ఫోనులో నాతో పలికిన వాక్యం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన నాటినుంచీ అతనికి బ్యాకప్ మీద భక్తి. యూపీఎస్ మీద ఇంకా కలగలేదు.

ప్రతిపదార్థం: ఏటీ = కొంచెమైనను; భయం = లెక్కలు పోవునన్న దిగులు; నేదు = లేదు (ల, న లకు అభేదమని మా శ్రీకాకుళం వైయాకరణుల మతం); బావా = ఓ అక్క మగడా; ఇమేజీ = డిస్కును ఉన్నదున్నట్టు దించిన నకలు; ఉంది = బీరువాలో, చీరల కింద, ఎక్స్‌టర్నల్ డిస్కునందు కలదు; ఎక్కించీస్తాను = పాతది తుడిచి దానిని నిలుపుదును.

విశేషం: "ఉంది" దగ్గర ఆగాలి. తాటాకుల మీద రాసిన లేఖకులు, చూసిందే రాశాం, తప్పుంటే మమ్మల్ని అనవద్దు అని చివర విన్నవించుకునేవారు. ఇమేజీ తీసే సాఫ్ట్‌వేరుకు ఆ వినయం లేదు గానీ చేసే పని అదే. ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో చెప్పే మాస్టర్ ఫైల్ టేబుల్లో ఒక వరుస చెడితే, నకల్లోనూ ఆ వరుస చెడే ఉంటుంది.

శంక: "వెరిఫై కూడా చేసీనాను కదా, పచ్చ టిక్కు పడింది?"

సమాధానం: తీసింది తీసినట్టే ఉందని ఆ టిక్కు సాక్ష్యం. తీసిన దాంట్లో తప్పు లేదని కాదు. ఎక్కిస్తే తప్పూ ఎక్కుతుంది. కాబట్టి ఎక్కించాక, డిస్కులో తప్పులు వెతికి దిద్దే విండోస్ ఆజ్ఞ చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్ నడపాలి. సీ డ్రైవు వాడుకలో ఉంది, మళ్లీ స్టార్టయినప్పుడు చూడనా అంటుంది, వై కొట్టాలి. అది శుభ్రమని తేల్చాకే కొత్త ఇమేజీ. పాతదాన్ని అప్పుడే చెరపకూడదు.

మతాంతరం: డిస్కే కటకటమంటుంటే వరస తిరగబడుతుంది. ముందు నకలు, తర్వాత ఆ నకలు మీదే వైద్యం. ఎందుకంటే చెక్‌డిస్క్ పండిత పరిష్కర్త లాంటిది. గ్రంథం పొందిగ్గా ఉంటే దానికి చాలు, మన ఫైలు ఏమైందన్నది దానికి పట్టదు. పాత కావ్యాల్లో తమ వ్యాకరణానికి లొంగని రూపాల్ని పండితులు దిద్దేశారని మన గిడుగు రామమూర్తిగారు పోట్లాడింది ఇలాంటి దిద్దుబాటు మీదే. కాకపోతే చెక్‌డిస్క్ కాస్త నయం: అన్వయం కుదరని తునకల్ని ఫౌండ్ డాట్ 000 అనే ఫోల్డర్లో దాచిపెడుతుంది.

తాత్పర్యం: చెక్‌డిస్క్ ముగిసేసరికి రాత్రి పదకొండు. ఫోల్డర్లు తెరుచుకున్నాయి, ఒక్క నెల లెక్క తప్ప. ఫౌండ్ ఫోల్డర్లో దొరికిన తునకను మావాడు నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఫొటో తీసి పంపాడు. తెర నిండా పిచ్చి అక్షరాలు. నడుమ ఒకచోట "డబ్ల్యూ 320" అని జీడిపప్పు గ్రేడు. కింద అతని ప్రశ్న: "ఇదేటి బావా?"

ఈ రెండో మూలానికి టీక ఇంకా రాయవలసి ఉంది.