కొండ నెత్తిన లెక్క, కడుపులో జాతర

మనాలి దగ్గరి రోహ్‌తాంగ్ కనుమ మీదికి రోజుకు 1,000 బళ్లకు మించి పోకూడదని 2015లో హరిత ట్రైబ్యునల్ కట్టడి చేసింది. 600 పెట్రోలువి, 400 డీజిలువి. కొండకు కాస్త ఊపిరాడాలని. 2020 అక్టోబరు 3న ఆ కొండల కడుపులోంచి 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచారు. చలికాలం వస్తే నెలల తరబడి లోకంతో తెగిపోయే లాహౌల్ జనానికీ, సైన్యానికీ అది అక్కరే, కాదనం. కానీ పర్యాటకుడికి అందులో వేరే అర్థం తోచింది: కొండ నెత్తిన లెక్క ఉంది, కడుపులో లేదు!

ఇంకేం, క్రిస్మస్ వారమొస్తే మనాలి రోడ్డు మన సంక్రాంతి నాటి విజయవాడ హైవే. 2024లో సొలాంగ్‌కూ సొరంగానికీ మధ్య వెయ్యి బళ్ల దాకా మంచులో ఇరుక్కున్నాయి. అంతకు ముందు ఏడాది ఒకాయన ఈ జామ్ ఎందుకొచ్చిన గొడవనుకొని థార్ బండిని ఏకంగా చంద్రా నదిలోకి దింపి నడిపించాడు. పోలీసులు చలానా రాశారు. నదికి టోల్‌గేటు పెట్టాలని ఇంకా ఎవరికీ తట్టలేదు. తడుతుంది.

దారి పొడవునా అద్దె కోట్ల దుకాణాలు. పెయింటుతో నంబరు వేసిన గంబూట్లు, నిన్నటి కస్టమరు చెమట ఇంకా ఆరని ఊదారంగు స్నో డ్రెస్సు. అది తొడుక్కుని బయటికొచ్చాక చూస్తే మంచే ఉండదు.

"భయ్యా, బరఫ్ కహాఁ?"

"ఆగే హై సార్."

ఆ 'ఆగే' సొలాంగ్‌లో మొదలై సొరంగం దాటి సిస్సు ఊరి దాకా సాగుతుంది. అక్కడ దొరికిన నల్లటి మంచుకుప్ప చుట్టూ నలభై సెల్ఫీలు, నాలుగు మ్యాగీ బండ్లు.

ఈ సందట్లోనే, గడ్డకట్టిన జలపాతాలు ఎక్కే పిచ్చివాళ్లు కొందరున్నారు. లాహౌల్, స్పితి వాళ్లకు అదో ఆట. చేతికో మంచుగొడ్డలి, బూట్లకు ఇనుప ముళ్లు. ముందున్న రెండు ముళ్లు ఓ అంగుళం దిగితే చాలు, ఒంటి బరువంతా వాటి మీదే. దెబ్బ వేసి చెవి పెడతారు. 'ఠక్'మని నిండుగా పలికితే గట్టి మంచు. బోలుగా మోగితే వెనక గాలో, పారే నీళ్లో ఉన్నట్టు. ఒక్కోసారి దెబ్బకు అన్నం పళ్లెమంత పెచ్చు లేచి కిందికొస్తుంది. అందుకే తాడు పట్టుకున్నవాడు జలపాతం కింద నిలబడడు, పక్కకు జరిగి ఉంటాడు.

మనవాళ్లు సరిగ్గా కిందే నిలబడతారు. ఫ్రేము అక్కణ్ణుంచే బాగుంటుందిగా! తప్పుకోమని పైవాడు "ఐస్!" అని అరిస్తే, కింద పిల్లాడు ఏ ఫ్లేవరని అడుగుతాడు. ఎక్కడం అయ్యాక ఆ గొడ్డలి ఓసారి ఇమ్మంటాడు బాబాయి, డీపీకి.

ట్రైబ్యునల్ ఆపలేని ఈ తిరునాళ్లను సిస్సు పంచాయతీ ఆపింది. దేవతల పండుగలప్పుడు ఊళ్లో సద్దు ఉండకూడదని 2025లో జనవరి 20 నుంచి ఫిబ్రవరి 28 దాకా పర్యాటకం బంద్ చేసింది. ఆ కబురు చెవినేసి, ఫిబ్రవరి ప్యాకేజీ సంగతేమిటని ఏజెంటును అడగండి.

"అడ్వాన్సు కట్టేయండి సార్. అక్కడి దేవతలతో మావాళ్లు మాట్లాడుతున్నారు."